సంఘం పెట్టారు సరే, బల్ల ఎప్పుడు వేస్తారు?

విశాఖలో మాజీ సైనికుల సంఘాలకి కొదవ లేదు, మల్కాపురం, సింధియా, గాజువాక, గోపాలపట్నం వైపైతే మరీను. ఆగస్టు 15న జెండా, డిసెంబర్ 4న నేవీ డేకి బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర దండ, జనవరి 14న వెటరన్స్ డేకి శాలువాలు, ఆపైన గ్రూప్ ఫొటో, టిఫిన్లు. ఇవన్నీ ఉండాలి, కాదనను. కానీ ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవర్లో కాగితాలు చుట్టుకుని వచ్చి "బాబూ, మా ఆయన పింఛను ఆగిపోయింది, ఎవర్ని అడగాలి" అంటే, కూర్చోబెట్టి ఆ కవరు విప్పి చూసే మనిషి ఒకడైనా ఉన్నాడా లేదా? నా లెక్కలో సంఘానికి అసలు పరీక్ష అదే. కొత్తగా సంఘం పెట్టినవాళ్లు, ఉన్న సంఘాన్ని పనిలోకి దించాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.

మొదటి పని ఒక లాంగ్ నోట్‌బుక్ కొనడం. మీ పరిధిలో ఎన్ని ఇళ్లున్నాయో తిరిగి రాయండి. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి వివరాలు పంపమంటే పంపేది ఎవరో మీకే తెలుసు, మిలిటరీ క్యాంటీన్‌లో ఏ సరుకు వచ్చిందో రోజూ అడిగేవాళ్లే పంపుతారు. భర్త పోయినావిడ ఆ గ్రూపులో ఉండదు. ఆయన ఫోన్ నంబరు మాత్రం ఉంటుంది, దాన్ని మనవడు వాడుతుంటాడు. కాబట్టి ఇద్దరిద్దరు కలిసి ఇంటికే వెళ్లండి, వీలైతే ఒక సభ్యుడి భార్యని కూడా తీసుకెళ్లండి, ఆడవాళ్లు ఆవిడతో చెప్పుకునే సంగతులు మనతో చెప్పరు. సర్వీస్ నంబరు, ఏ రికార్డ్ ఆఫీసు (సర్వీసు కాగితాలు ఉండే చోటు), పీపీవో నంబరు (పింఛను మంజూరు ఉత్తర్వు నంబరు), ఈసీహెచ్ఎస్ కార్డు (మాజీ సైనికుల వైద్య పథకం కార్డు) ఉందా లేదా, బ్లడ్ గ్రూపు, ఇంట్లో ఇంకెవరున్నారు, పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారు, ఇంతవరకు చాలు. ఆధార్ నంబరు, ఏటీఎం పిన్ లాంటివి ఎవరైనా చెప్పబోయినా రాసుకోవద్దు. పుస్తకం బీరువాలో ఉండాలి, స్కూటర్ డిక్కీలో కాదు.

తర్వాత బల్ల, అంటే వచ్చినవాళ్ల కాగితాలు చూసి సాయం చేసే చోటు. ఆదివారం పొద్దున మూడు గంటలు, ఒకే చోట, ఒకే టైముకి, వర్షం వచ్చినా పెళ్లిళ్ల సీజనైనా సరే. ఒక ల్యాప్‌టాప్, స్కానర్ ఉన్న ప్రింటర్, స్టాప్లర్, జిరాక్స్ కాగితం, మంచినీళ్లు, వీపు ఆన్చుకునే కుర్చీలు ఉంటే చాలు. బ్యానర్ లేకపోయినా నష్టం లేదు.

బల్ల దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం పేర్ల గొడవే. మన పేర్లు సైన్యం కాగితాల్లో పడ్డప్పుడు ఏమవుతాయో చూడండి. ఇంటిపేరు ముందు పెట్టి అప్పారావు అని చెప్పి చేరిన కుర్రాడు, డిశ్చార్జ్ బుక్‌లో అప్పా ఒక పేరు, రావు ఇంటిపేరు అయి బయటికొస్తాడు. ఆయన భార్య పెళ్లినాటికి రవణమ్మ, ఆధార్‌లో వెంకట రమణమ్మ, బ్యాంకు పాస్‌బుక్‌లో పుట్టింటి ఇంటిపేరుతో వి. రమణ, పీపీవోలో ఇంకో స్పెల్లింగ్. ఆయన బతికున్నంతకాలం ఇవేవీ పట్టవు. పోయాక ఈ నాలుగు పేర్లూ ఒకే మనిషివని ఆవిడే రుజువు చేసుకోవాలి. అందుకే పుస్తకం రాసేటప్పుడే భార్యాభర్తల పేర్లు, పుట్టిన తేదీలు డిశ్చార్జ్ బుక్, పీపీవో, ఆధార్, పాన్, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే ఆయన ఉండగానే సరిచేయించండి. నేవీ సెయిలర్లయితే ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి రాయాలి. ఆర్మీలో ఏ దళానికి ఆ రికార్డ్ ఆఫీసు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, ఈఎంఈకి (యంత్రాల మరమ్మతు చూసే దళం) సికింద్రాబాద్, ఇలా. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి ఢిల్లీ. ఉత్తరం మీద సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు ముందు రాయించండి, విషయం ఇంగ్లీషులో నాలుగు లైన్లలో ముగించండి. రెండు పేజీల కష్టాల కథ చదివే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు.

పుట్టిన తేదీ ఎందుకంటే, పింఛనుదారుకి ఎనభై ఏళ్లు నిండితే బేసిక్ పింఛను మీద 20 శాతం అదనంగా వస్తుంది, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకి నూటికి నూరు. ఇది ఫ్యామిలీ పింఛనుకి కూడా వర్తిస్తుంది. కానీ చాలామంది పెద్దావిడల పుట్టిన తేదీ పాత పీపీవోల్లో ఉండనే ఉండదు, తేదీ లేకపోతే ఎనభై నిండిన సంగతి సిస్టమ్‌కి తెలియదు, ఆవిడకీ తెలియదు. మీ పుస్తకంలో 78 దాటిన ప్రతి పేరు కింద గీత పెట్టుకోండి.

నవంబర్ అంటే లైఫ్ సర్టిఫికెట్, పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే రుజువు, ఎనభై దాటినవాళ్లు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఫోన్ కెమెరాతో ముఖం చూపిస్తే అయిపోతుంది, వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకి ఇదే నయం. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీ వైపు కూర్చోబెట్టండి, కళ్లద్దాలు తీయించండి, రెప్ప కొట్టమని తెలుగులో చెప్పండి. ఒకటి మాత్రం జాగ్రత్త. పింఛను స్పర్శ్‌కి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ) మారినవాళ్లకి, పింఛనిచ్చే సంస్థ దగ్గర బ్యాంకు పేరు కాకుండా స్పర్శ్‌నే ఎంచుకోవాలి. బ్యాంకు పేరు నొక్కితే సర్టిఫికెట్ వచ్చినట్టే వస్తుంది, చేరాల్సిన చోటికి మాత్రం చేరదు. మంచంలో ఉన్నవాళ్లని ఆటోలో ఎక్కించి తెప్పించొద్దు, మీరే ఫోన్ పట్టుకుని వెళ్లండి.

సభ్యుడు చనిపోతే సంఘం ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి. పూలమాల, నలుగురు మోసేవాళ్లు, ఇవి ఎలాగూ చేస్తారు. పదో రోజు కార్యం దాకా కాగితాల ఊసెత్తొద్దు, ఒక్కటి తప్ప. మరణాన్ని 21 రోజుల్లోపు జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థ) నమోదు చేయించాలి, ఆ గడువు దాటితే పని పెరుగుతుంది, ఆసుపత్రిలో పోయారా ఇంట్లో పోయారా అన్నదాన్ని బట్టి ఎవరు నమోదు చేయాలో ఆరోజే కనుక్కోండి. సర్టిఫికెట్‌లో పేరు డిశ్చార్జ్ బుక్‌లో ఉన్నట్టే పడాలి, ఇక్కడ ఒక అక్షరం తేడా వస్తే పైన చెప్పిన గొడవంతా మళ్లీ మొదటికి. కార్యం అయ్యాక స్పర్శ్‌లో మరణం సంగతి తెలియజేసి ఫ్యామిలీ పింఛనుకి పెట్టండి. ఈలోగా ఆయన ఖాతాలో పింఛను పడుతూ ఉంటే దాన్ని వాడొద్దని ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పండి, ఎక్కువ పడిన డబ్బు తర్వాత వెనక్కి లాగుతారు. ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పాలి. రిటైరయ్యాక చనిపోయినవాళ్ల భార్యకి మొదట ఎక్కువ రేటులో పింఛను వస్తుంది, అది ఏడేళ్లు లేదా ఆయనకి 67 నిండేదాకా, ఏది ముందైతే అది, తర్వాత ఆయన చివరి జీతంలో 30 శాతానికి తగ్గుతుంది. ముందే తెలియకపోతే ఏడేళ్ల తర్వాత "పింఛను కోసేశారు" అని ఆవిడ మీ బల్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది.

ఆసుపత్రి సంగతి. ఈసీహెచ్ఎస్ 2003 ఏప్రిల్‌లో వచ్చింది, ఇప్పటికీ కార్డు చేయించుకోని ఇళ్లున్నాయి. మామూలుగా అయితే ఆ పథకం వాళ్ల పాలీక్లినిక్‌లో చూపించుకుని, రిఫరల్ తీసుకుని ప్యానెల్ ఆసుపత్రికి, అంటే పథకంతో ఒప్పందం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. గుండెనొప్పి, యాక్సిడెంట్ లాంటి అత్యవసరమైతే ప్యానెల్‌లో లేని ఆసుపత్రిలోనైనా చేర్చొచ్చు, 48 గంటల్లోపు దగ్గర్లోని పాలీక్లినిక్‌కి తెలియజేయాలి, ఖర్చు తర్వాత నిర్ణయించిన రేట్ల ప్రకారం వెనక్కి వస్తుంది, కట్టినదంతా మాత్రం రాదు. అర్ధరాత్రి పూట ఆ 48 గంటలు గుర్తుండేది కొడుక్కి కాదు, మీకు. కాబట్టి పాలీక్లినిక్ నంబరు, మీలో ఇద్దరి నంబర్లు ఒక స్టిక్కర్ మీద రాసి ప్రతి ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించండి.

పింఛను లేకుండా బయటికొచ్చినవాళ్లు మనలో తక్కువేం కాదు, సంఘాల్లో వీళ్ల పేరే ఎవరూ ఎత్తరు. హవల్దార్, నేవీలో పెటీ ఆఫీసర్ ర్యాంకు వరకు, 65 దాటి పింఛను లేనివాళ్లకి, వాళ్లు పోతే వాళ్ల భార్యలకి కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యురీ గ్రాంట్ (పేదరికంలో ఉన్నవాళ్లకి నెలవారీ సాయం) ఇస్తుంది. నెలకి 4,000 ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకి 8,000 చేశారు. అదేసారి పిల్లల చదువు గ్రాంట్ నెలకి 1,000 నుంచి 2,000కి, కూతురి పెళ్లి గ్రాంట్ 50 వేల నుంచి లక్షకి పెరిగాయి, ఇవి ఇద్దరు పిల్లల వరకు. ఇంజనీరింగ్, మెడిసిన్, బీఎడ్ లాంటి కోర్సుల్లో చేరిన పిల్లలకి పీఎం స్కాలర్‌షిప్ వేరే ఉంది, అబ్బాయిలకి నెలకి 2,500, అమ్మాయిలకి 3,000, ఆఫీసర్ల పిల్లలకి కాదు, మిగతా ర్యాంకుల వాళ్లకి. కోర్సులో చేరిన మొదటి ఏడాదే పెట్టాలి. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పుస్తకం తీసి ఎవరి పిల్లలు చేరుతున్నారో చూసి ఫోన్ చేయండి. దరఖాస్తులన్నీ ఆన్‌లైనే గానీ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదై ఉండాలి, అది లేకపోతే ఏదీ ముందుకి కదలదు.

కాలనీకి మనం చేసే సేవ సంగతి చెప్పాలంటే, నోట్‌బుక్కులు, దుప్పట్లు ఎవరైనా పంచుతారు. మనకి తెలిసిన పని మనం చేద్దాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరు ఎలా ఉందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చెట్లు రోడ్ల మీద, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు, పాలకీ పెట్రోలుకీ లైన్లు. అలాంటప్పుడు తాడు ముడి వేయడం, పడిన కొమ్మని ఎటు నుంచి కోయాలో చూడటం, పదిమందిని మూడు జట్లుగా విడదీసి పని చెప్పడం మనకి చేతనైన విద్య. సెప్టెంబర్‌లోనే రంపం, గొడ్డలి, యాభై మీటర్ల తాడు, టార్చీలు, బ్యాటరీ రేడియో సిద్ధం చేసుకోండి. మంచంలో ఉన్నవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు ఏ ఇళ్లల్లో ఉన్నారో లిస్టు రాయండి, సైనికుల ఇళ్లే కాదు, అందరివీ. తుపాను వెలిసిన గంటలో ఎవరు ఏ వీధికి నడిచి వెళ్లాలో ముందే పంచుకోండి. ఫోన్లు పనిచేయవు కాబట్టి కలిసే చోటు కూడా ఫిక్స్ చేసుకోవాలి. తెగిన కరెంటు తీగ జోలికి మాత్రం ఎంత మొనగాడైనా వెళ్లకూడదు, అది లైన్‌మన్ పని.

కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకి జనం దిగేచోట పోలీసులకి చెప్పి, తాళ్లు, ట్యూబులు పట్టుకుని నిలబడొచ్చు. ఈత వచ్చిన కుర్రాళ్లు కూడా లోపలికి లాగబడతారు, నీటి లాగుడికి ఎదురీదొద్దని, ఒడ్డుకి సమాంతరంగా ఈదమని మైకులో తెలుగులో, హిందీలో చెప్తూ ఉండండి. అలాగే సీపీఆర్ నేర్పండి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5-6 సెంటీమీటర్లు దిగేలా. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లకి, ఆటోవాళ్లకి ముందు నేర్పండి, అక్కడుండేది వాళ్లే.

అగ్నివీర్‌కి ప్రిపేరయ్యే కుర్రాళ్లకి 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్ అప్స్, 9 అడుగుల గొయ్యి దూకడం నేర్పడం మంచిదే, అంతకంటే ముందు ఆన్‌లైన్ రాతపరీక్షకి లెక్కలు చెప్పించండి, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. డబ్బులిస్తే సెలక్షన్ చేయిస్తామనేవాళ్లని ఆ గ్రౌండ్ దరిదాపులకి రానీయకండి.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. ఏడుగురు ఉంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి, నెల లెక్క నోటీసు బోర్డు మీద అంటించాలి. సహాయం చేసినందుకు చిల్లిగవ్వ కూడా తీసుకోకూడదు, పండ్ల బుట్ట కూడా వద్దు. నాకు తెలిసిన ఒకచోట ఫారం నింపినందుకు "టీ ఖర్చులు" మొదలయ్యాయి, ఏడాది తిరక్కుండా బల్ల దగ్గరికి ఎవరూ రావడం మానేశారు. ఎన్నికలప్పుడు సంఘం పేరు మీద ఎవరికీ మద్దతు ప్రకటించొద్దు.

భూముల జోలికి అసలే వెళ్లొద్దు. మాజీ సైనికులకి ప్రభుత్వం ఇచ్చిన భూమి పదేళ్లు దాటాక అమ్ముకోవచ్చు, దానికుండే నిబంధనలు దానికున్నాయి, భీమిలి వైపు ధరలు చూశాక ఆ కాగితాల చుట్టూ బ్రోకర్లు ఈగల్లా ముసురుతారు. ఎవరైనా ఎన్‌వోసీ అంటూ వస్తే లాయరు దగ్గరికి పంపించండి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జూలైలో వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది, జిల్లా సైనిక్ బోర్డుల్లో ఉచిత న్యాయ సహాయం దాని ఉద్దేశం. మన దగ్గర ఏ రోజుల్లో లాయరు కూర్చుంటారో సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి మీ బల్ల మీద రాసి పెట్టండి.

చివరిగా, మందు అలవాటు ముదిరినవాళ్లు, ఇంట్లోంచి బయటికి రావడం మానేసినవాళ్లు మీ పుస్తకంలో కచ్చితంగా ఉంటారు. వాళ్లకి ఉపన్యాసం ఇవ్వొద్దు. ఏదో ఒక పని అప్పజెప్పండి, ఆదివారం కుర్చీలు వేసే పనైనా సరే, అదే బ్యాచ్‌వాడిని వెళ్లి తీసుకురమ్మనండి. చచ్చిపోవాలనుందని ఎవరైనా నోరు జారినా తేలిగ్గా తీసుకోకుండా, పక్కనే కూర్చుని 14416 టెలిమానస్‌కి (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) మీ ఫోన్‌లోంచే కలిపి ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ రాత్రి ఆయన్ని ఒంటరిగా వదలొద్దు, మర్నాడు డాక్టర్ దగ్గరికి మీలో ఒకరు కూడా వెళ్లాలి.