ఒంటి తీరు చదవడం, 3వ పాఠం: పేరు గుర్తులేకపోయినా మనిషి తెలుసా?

పోయిన పాఠంలో మామూలు మనుషుల మధ్య దూరం ఎలా చూడాలో నేర్చుకున్నాం. ఈసారి కాస్త కష్టమైన కేసు. డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉన్న పెద్దావిడ, పేర్లు చెప్పలేరు, వరసలు కలిసిపోయాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "నేనెవరో చెప్పు అమ్మమ్మా?" అని అడుగుతుంటారు కదా, ముందు అది మానేయండి. దానివల్ల ఆవిడకు టెన్షన్, మీకు తెలిసేదేమో పేరు గుర్తుందా లేదా అన్నది మాత్రమే.

పేరు పోయినా పరిచయం మిగిలి ఉండొచ్చు. 1911లో స్విట్జర్లాండ్‌కి చెందిన క్లాపరేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కొత్తగా జరిగిందేదీ గుర్తుండని ఒక రోగితో చేయి కలుపుతూ వేళ్ల మధ్య దాచిన గుండుసూదితో గుచ్చాడట. ఆ సంగతి ఆమె మర్చిపోయింది, కానీ తర్వాత ఆయన చేయి చాపితే తన చేయి వెనక్కి లాక్కుంది. (ఇప్పుడు అలా చేస్తే ఊరుకోరు లెండి.) ఆమెది అల్జీమర్స్ (ఎక్కువగా కనిపించే డిమెన్షియా రకం) కాదు, కోర్సకాఫ్ జబ్బు (కొత్త జ్ఞాపకాలు నిలవనివ్వని మెదడు జబ్బు). అయినా మనకు కావాల్సిన విషయం అందులో ఉంది: మాటకు అందనిది చేతికి తెలుస్తుంది.

ఇక చూడటం ఎలా అంటే, పోలిక లేకుండా ఏదీ తేల్చకండి. పరాయి మగమనిషి గదిలోకి రాగానే పైట సర్దుకుని కాళ్లు దగ్గరకు లాక్కునే ఆవిడ, కొడుకు వస్తే అలాగే కూర్చుని ఉంటారు, లేదా మంచం మీద కొంచెం జరిగి చోటిస్తారు, చేతిలో బిస్కెట్ ఉంటే సగం విరిచి ఇస్తారు, "మీరెవరండీ" అని అడుగుతూనే! నోటి మాట ఒకటి, ఒళ్లు చెప్పేది ఇంకొకటి. కొత్త నర్సు ముద్ద పెడితే బిగిసే పెదాలు కోడలి చేతికి తెరుచుకుంటాయా? భుజం మీద చేయి వేస్తే ఒళ్లు బిగుస్తుందా, వదులవుతుందా?

ముఖాన్ని మాత్రం అతిగా నమ్మకండి. పార్కిన్సన్స్‌తో (కదలికలు నెమ్మదించి ఒళ్లు బిగుసుకునే జబ్బు) వచ్చే డిమెన్షియాలో కండరాలే సరిగా కదలవు, లోపల సంతోషం ఉన్నా ముఖం రాయిలా ఉండొచ్చు. ఫ్రాంటోటెంపొరల్ రకం డిమెన్షియాలో (మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినేది) దీనికి భిన్నంగా, అసలు పరిచయమే లేనివాళ్లకి కూడా అతి చనువుగా దగ్గరకు వెళ్లిపోవచ్చు. నొప్పి, చెవుడు, మసక చూపు, మత్తు మందులు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అభ్యాసం: ఈ వారం ఒకే గదిలో, ఒకే వేళలో, ఇంటి మనిషి వచ్చినప్పుడు, కొత్తవాళ్లు వచ్చినప్పుడు మొదటి నిమిషం మాత్రమే గమనించండి. చేతులు, కాళ్లు, ఒరిగిన వైపు, అంతే. చూసింది చూసినట్టు రాయండి, "ప్రేమగా చూసింది" అని కాదు, "తల ఇటు తిప్పింది" అని. 4వ పాఠంలో గొంతు, పాత పిలుపులు.