ఆరు సీట్లున్నాయని ఆరుగురెక్కేయరండోయ్: ఫ్యామిలీకి సింగిల్ ఇంజన్ విమానం చూసుకోవడం ఎలా

మా బావగారిది భీమవరం పక్కన, రొయ్యల చెరువులు. ఈమధ్య వరసగా పంటలు కలిసొచ్చేసరికి ఆయనకి విమానం కొనాలని పుట్టింది. నవ్వకండి, లైసెన్సుంది ఆయనకి, అమెరికాలో ఉన్నప్పుడు ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. మొన్న రాత్రి ఫోన్‌కి ఒక ఫోటో పంపి "ఏవోయ్ బావా, ఇదెలా ఉంది, ఆరు సీట్లంట, గంటకి 300 కిలోమీటర్లు కొడుతుందంట, తిరుపతి పొద్దున్నెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు" అన్నారు. "బావగారూ, ఫోటో పక్కన పెట్టండి, ముందు ఇంట్లో అందర్నీ కాటా ఎక్కించండి" అన్నాను.

ఫ్యామిలీతో, సామాన్లతో తిరగడానికి ఇలాంటి విమానం చూసుకునేవాళ్ళు ఎవరైనా మొదలెట్టాల్సింది అక్కడే, కాటా దగ్గర. స్పీడూ, లోపల స్క్రీన్లూ, లెదర్ సీట్లూ అన్నీ తర్వాత.

మేం నిజంగానే తూచాం. చెరువు గట్టు మీద షెడ్డులో రొయ్యలు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉంటుంది కదా, దాని మీద తడి తుడిచి గోనె పరిచి ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టాం. మా అక్క "నన్ను కూడా రొయ్యల్లా కౌంటు ప్రకారం తూస్తావేంట్రా" అని కాసేపు ఎక్కలేదు, ఎక్కాక నంబరు ఎవరూ చూడకూడదంది, నేను చూసి రాసుకున్నా. చెప్పులతో, హ్యాండ్‌బ్యాగుతో సహా తూచాలండి, విమానం ఎక్కేది అలాగే కాబట్టి. బావగారు 88, అక్క 71, అత్తయ్యగారు 62, పెద్దోడు 48, చిన్నది 31, మొత్తం 300 కిలోలు. తర్వాత సామాన్లు: సూట్‌కేసులు రెండూ 38, పిల్లల బ్యాగులు 11, అత్తయ్యగారి సంచి 9, ఆవకాయ జాడీ కొబ్బరికాయలు 14, పూతరేకులు కాజాలు 6. ఇది 78. అంతా కలిపి 378 కిలోలు. ఈ నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి, అమ్మేవాడు ఏం చెప్పినా ముందు ఈ కాగితమే తియ్యాలి.

ఇప్పుడు విమానం వైపు లెక్క. గరిష్ఠంగా ఎంత బరువుతో లేవచ్చో అందులోంచి ఖాళీ విమానం బరువు తీసేస్తే మిగిలేది యూజ్‌ఫుల్ లోడ్, అందులోనే మనుషులూ సామాన్లూ పెట్రోలూ అన్నీ సర్దుకోవాలి. ఈ విమానాల పెట్రోలు, అవ్‌గ్యాస్ అంటారు, లీటరు 0.72 కిలో అనుకోండి.

సిరస్ ఎస్‌ఆర్22 తీసుకోండి, 310 హార్స్‌పవర్, కొత్త మోడళ్ళు 1633 కిలోల దాకా లేస్తాయి, యూజ్‌ఫుల్ లోడ్ సుమారు 570. ట్యాంకులు ఫుల్ చేస్తే 348 లీటర్లు, అదే 250 కిలోలు, ఇక మిగిలేది 320. మన కాగితంలో 378. అంటే ఫుల్ ట్యాంకుతో వీళ్ళెక్కరు. పోనీ పెట్రోలు తగ్గించి 265 లీటర్లే పోస్తే బరువు సరిపోతుంది, గంటకి 65 చొప్పున నాలుగ్గంటలు వస్తుంది, తిరుపతికి గంటన్నరే కాబట్టి బాధ లేదు. కానీ వెనక సామాన్ల అరకి పరిమితి 59 కిలోలే! మన సామాను 78. అక్కడ ఆగిపోయింది లెక్క. దానికి పారాచూట్ ఉంది, ఇంజన్ ఆగినప్పుడు అది లాగితే మొత్తం విమానమే దానికి వేలాడుతూ దిగుతుంది, అది చూసే మా అక్క సిరస్‌కి ఓటేసింది, నేనూ తప్పనను, కాకపోతే ఆ పారాచూట్ పదేళ్ళకోసారి మార్చాలి, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే ఎప్పుడు మార్చారో అడగండి.

బావగారు పంపిన ఫోటో బొనాంజా జీ36, 300 హార్స్‌పవర్, ఆరు సీట్లు, వెనక రెండు రెక్కల తలుపు, చూడముచ్చటగా ఉంటుంది. చాలావాటికి యూజ్‌ఫుల్ లోడ్ 480 అటూఇటూ. మన ఐదుగురూ సామానూ పోను వంద కిలోల పెట్రోలుకి చోటుంటుంది, అంటే 140 లీటర్లు, రెండుంపావు గంటలు, రిజర్వు తీసేస్తే తిరుపతికి బొటాబొటి. ఆరో సీట్లో ఇంకో మనిషంటే అయిపోయినట్టే. సీట్లు లెక్కపెట్టి కొనకండి అనేది ఇందుకే.

పాత పైపర్ చెరోకీ సిక్స్ 300 ఉంది చూశారా, పేరుకి ముసలిదే గానీ యూజ్‌ఫుల్ లోడ్ 700 దాకా ఉంటుంది. ఫుల్ ట్యాంకు పోసినా మనవాళ్ళందరూ ఎక్కి ఇంకా 90 కిలోలు మిగులుతాయి. ముందు ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఒక అర, వెనక ఒకటి, ఒక్కోదాన్లో 45 కిలోలు. స్పీడు మాత్రం 140 నాట్లు, అంటే గంటకి 260 కిలోమీటర్లు. సెస్నా 206లో కూడా బరువు లెక్క సుఖంగానే తేలుతుంది, పెద్ద తలుపు, పనసకాయలు కూడా పట్టేస్తాయి. ఒకటే చూసుకోండి, ఫ్లాపులు (రెక్క వెనకంచున కిందకి దిగే పలకలు) దించి ఉంటే ఆ కుడివైపు తలుపు ముందు రెక్క పూర్తిగా తెరుచుకోదు, వెనక అత్తయ్యగార్ని కూర్చోబెట్టేటప్పుడు దిగడం ఎలాగో నేల మీదే నాలుగుసార్లు చూపించి పెట్టాలి. సెస్నా 182 మంచి విమానమే, నాకు ప్రాణం, కానీ నాలుగే సీట్లు.

బరువు సరిపోయాక ఎక్కడ పెడుతున్నాం అన్నది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు ఎక్కినవాళ్ళకి దీన్ని కొత్తగా చెప్పక్కర్లేదు, కారుని ముందుకి లాగు, బైకులు ఆ పక్కకి పెట్టు అని అరుస్తుంటారు కదా, అంతా ఒక చివరికి చేరితే పంటు ఒరుగుతుంది. విమానంలో ఆ బరువు కేంద్రాన్నే సీజీ అంటారు. వెనక బరువు ఎక్కువైతే ముక్కు లేస్తుంది, స్టాల్ అయితే, అంటే రెక్క విమానాన్ని మోయడం మానేస్తే, ముక్కు మళ్ళీ కిందకి తేవడం కష్టం. బొనాంజాలో ఇంకో మెలిక, ట్యాంకులు రెక్క ముందంచులో ఉంటాయి, పెట్రోలు అయ్యేకొద్దీ బరువు వెనక్కి జరుగుతుంది. బయల్దేరేటప్పుడు లెక్కలో ఉన్న విమానం దిగేటప్పటికి లెక్క తప్పొచ్చు. అందుకని రెండు లెక్కలు వెయ్యాలి, లేచేటప్పుడూ దిగేటప్పుడూ. ఇక పూతరేకుల పెట్టెలు, బరువుండవు గానీ చోటంతా తినేస్తాయి, కొబ్బరికాయలు తద్విరుద్ధం. తలుపు వెడల్పు టేపుతో కొలిచి, మీ పెద్ద సూట్‌కేసు నిజంగా తీసుకెళ్ళి దూర్చి చూడండి, మొహమాటం వద్దు.

కొలతలు కలిసిపోవడం ఒకటుంది, నేను తిన్న దెబ్బే. టెక్సాస్‌లో ఓసారి అద్దెకి 182 తీసుకున్నా, మాన్యువల్ పౌండ్లలో, ఇంటి నుంచి తెచ్చిన బ్యాగుల నంబర్లు కిలోల్లో, 18 కిలోల్ని 18 పౌండ్లుగానే వేసేశా. విమానం లేచింది గానీ రన్‌వే చివర చెట్లు అంత దగ్గరగా నేనెప్పుడూ చూళ్ళేదు. అప్పట్నుంచీ ముందే అన్నీ కిలోల్లోకి, లీటర్లలోకి మార్చి గాని కాగితం మీద పెట్టను. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు.

స్పీడు సంగతి. మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి రేణిగుంటకి (తిరుపతి ఎయిర్‌పోర్టు) గీత గీస్తే 450 కిలోమీటర్ల పైచిలుకు. 145 నాట్ల విమానానికి గంటా నలభై, 175 నాట్ల దానికి గంటా పాతిక. తేడా పావుగంట! భీమవరం నుంచి మధురపూడికి కార్లో వెళ్ళేటప్పుడు రావులపాలెం దగ్గర లారీ అడ్డం తిరిగితే పోయేది అంతకంటే ఎక్కువే. ఈ పావుగంట కోసం లక్షలు పోసి, చక్రాలు ముడుచుకునే మెషీనూ దాని మెయింటెనెన్సూ తలకెత్తుకోవాలా అన్నది మీ ఇష్టం. బెంగళూరు, షిర్డీ తరచూ వెళ్తామంటే అప్పుడు స్పీడుకి అర్థం ఉంది. ఇంకోటి, వీటిల్లో బాత్రూమ్ ఉండదండి. పిల్లలూ పెద్దావిడా ఉంటే రెండు గంటలకి మించి ఎటూ ఒకే దెబ్బకి వెళ్ళరు, అలాంటప్పుడు ఐదుగంటల పెట్రోలు మోసుకుతిరగడం దేనికి, ఆ బరువు సామానుకిస్తే సరి.

ఎండ. మధురపూడి సముద్రమట్టానికి 150 అడుగుల ఎత్తులోనే ఉంది, కానీ మే నెలలో 44 డిగ్రీలున్నప్పుడు గాలి పల్చబడి ఇంజన్‌కీ రెక్కకీ అది 3600 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. అక్కడ రన్‌వే మూడు కిలోమీటర్లు దాటి ఉంది కాబట్టి ఏదోలా లేస్తారు, తిరుగుప్రయాణం బెంగళూరులోని జక్కూరు ఎయిర్‌ఫీల్డు నుంచి అనుకోండి, అదసలే 3000 అడుగులు, 30 డిగ్రీల్లో 5500 అయి కూర్చుంటుంది. మాన్యువల్లో టేకాఫ్ పట్టిక చూసేటప్పుడు 15 డిగ్రీల గడి వదిలేసి 40 డిగ్రీల గడి చూడండి. టర్బో ఉంటే నయం. ఏసీ లేకపోతే పిల్లలు వాంతులు, ఏసీ ఉంటే అదీ బరువే.

పెట్రోలు రకం మనదేశంలో పెద్ద తలనొప్పి. ఈ పిస్టన్ ఇంజన్లు తాగేది అవ్‌గ్యాస్ 100ఎల్ఎల్, నీలంగా ఉంటుంది. 2022 దాకా దిగుమతే, ఆ సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారీ మొదలెట్టింది, అయినా ప్రతి ఎయిర్‌పోర్టులోనూ దొరకదు. జెట్లు తాగే ఏటీఎఫ్ అయితే ఎయిర్‌లైన్లు తిరిగే చోట సాధారణంగా ఉంటుంది. అందుకే బావగారికి నేను గట్టిగా చూడమన్నది డైమండ్ డీఏ50 ఆర్‌జీ. 300 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్, ఏటీఎఫ్ మీదే నడుస్తుంది, ఐదు సీట్లు. కంపెనీ లెక్కలో యూజ్‌ఫుల్ లోడ్ 559 కిలోలు, ఫుల్ ట్యాంకు 150, మిగిలేది 400 పైన. మన 378 పడుతుంది! చక్రాలు ముడుచుకునేదే, అది నాకు నచ్చలేదు గానీ అన్నీ ఒకేచోట దొరకవు. ఇక అవ్‌గ్యాస్ విమానమే కొంటే, నింపేటప్పుడు పక్కనే నిలబడండి, పొరపాటున ఏటీఎఫ్ పోస్తే గాల్లోకి లేచాక ఇంజన్ చచ్చిపోతుంది.

రూల్స్ క్లుప్తంగా. అమెరికాలో 200 హార్స్‌పవర్ దాటితే హై పెర్ఫార్మెన్స్ కింద లెక్క, ఇన్‌స్ట్రక్టర్ సంతకం కావాలి. ఇక్కడ విమానాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ దగ్గర లైసెన్సులో ఆ విమానం ఎక్కించుకోవాలి. వీఎఫ్ఆర్‌లో, అంటే కంటితో బయటికి చూసుకుంటూ నడిపే పద్ధతిలో, పొద్దుగూకాక ప్రయాణం కుదరదు. ప్రైవేటుగా రిజిస్టరు చేస్తే డబ్బులు తీసుకుని ఎవర్నీ ఎక్కించకూడదు, ఆఖరికి పక్క చెరువు రాజుగార్ని కూడా.

ఇంజన్ ఒకటే అన్న భయం అందరికీ ఉంటుంది. ఉండాలి కూడా. 8000 అడుగుల నుంచి ఇంజన్ ఆగితే ఇరవై కిలోమీటర్లు జారుకుంటూ వెళ్ళొచ్చు. పైనుంచి చూస్తే మన డెల్టా అంతా బల్లపరుపే అనిపిస్తుంది, దిగి చూస్తే కొబ్బరితోటలు, కరెంటు తీగలు, చెరువుల్లో ఏరేటర్లు. దాళ్వా కోసేసిన చేలు ఒక్కటే కాస్త నయం, అవీ వేసవిలోనే.

కొనేముందు ఆ ఫలానా విమానం తాలూకు అసలు వెయిట్ రిపోర్టు అడగండి, బ్రోచర్‌ది కాదు. పెయింటూ రేడియోలూ ఏసీ కలిసి ఒక్కోదానికి పాతిక ముప్పై కిలోలు ఇట్టే తేడా వస్తుంది. కాకినాడ గాలిలాంటి ఉప్పుగాలిలో నిలబెట్టిందైతే రెక్కల లోపల తుప్పు మెకానిక్‌తో చూపించండి, వాడు అమ్మేవాడి మనిషి కాకూడదు. హ్యాంగర్ దొరుకుతుందో లేదో ముందే తేల్చుకోవాలి, అక్టోబరు నవంబరు తుఫాన్లకి తాళ్ళు ఆగవు. డెమో ఫ్లైట్‌కి డిసెంబరు పొద్దున్న ఒక్కరే వెళ్తే ఏ విమానమైనా పిట్టలా లేస్తుంది, అదే మే నెల మధ్యాహ్నం ఇంటిల్లిపాదితో, సూట్‌కేసులతో వెళ్ళండి.

బావగారింకా ఏదీ ఖాయం చెయ్యలేదు. బొనాంజా రంగు మీద మనసుంది ఆయనకి. ఇదంతా విని అత్తయ్యగారు "నేను రైల్లోనే వస్తాను నాయనా, మీరెళ్ళండి" అన్నారు, బావగారు వెంటనే నా కాగితం లాక్కుని 62 కొట్టేశారు.