హైదరాబాద్ నుంచి కోనసీమకి: చిన్ననాటి ఊళ్లు చుట్టి రావాలంటే

సంక్రాంతికి మాత్రం పెట్టుకోకండి. విజయవాడ హైవే మీది పంతంగి టోల్ దగ్గరే సగం ఓపిక అయిపోతుంది, ఊళ్లో ఎవరికీ కూర్చుని మాట్లాడే తీరిక ఉండదు. ఫిబ్రవరి మొదట్లో అయితే ఎండ ముదరదు.

ముందు టైర్లు చూడండి. పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. కారు తక్కువ తిరిగినా రబ్బరు ముసలిదవుతుంది, బీటలు కనిపిస్తే మార్చేయడమే. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. వేడి మీద కొలత ఎక్కువ చూపి మోసం చేస్తుంది.

విజయవాడ దాకా సుమారు 275 కిలోమీటర్లు. నలభై దాటిన నడుముకి రెండు గంటలకోసారి దిగి నడవక తప్పదు. తణుకు దాటాక సిద్ధాంతం వంతెన కింద గోదావరి పాయ వశిష్ఠ కనిపిస్తే కోనసీమలోకి వచ్చినట్టే. రావులపాలెంలో హైవే వదిలాక కాలవగట్టు రోడ్లు; చీకటి పడ్డాక వద్దు. ఎదురుగా లారీ వస్తే మెత్తటి అంచు మీదికి దిగకండి, వెడల్పున్న చోటికి వెనక్కి తీసుకోండి.

పాత ఇల్లు వెతకడానికి మ్యాప్ పనికిరాదు. రామాలయం అరుగు మీద పెద్దాయన్ని అడగండి: "బాబాయ్ గారూ, ఫలానావారి పెంకుటిల్లు ఎక్కడండీ?" "నువ్వెవరి తాలూకా?" అంటారు. ఇంటిపేరు, నాన్నగారి పేరు చెబితే గుమ్మం దాకా తీసుకెళ్తారు. ఇల్లు చేతులు మారి ఉంటే అడిగాకే ఫోటో. మీరు చదివిన బడికైతే సాయంత్రం పిల్లలు ఇళ్లకెళ్లాక, హెడ్మాస్టరు అనుమతితో వెళ్లండి.

రోజుకి రెండు ఊళ్లే. ప్రతి ఇంట్లో కాఫీ ఇస్తారు, షుగరుంటే ముందే చెప్పేయండి. ఆత్రేయపురం పూతరేకులు చివరిరోజు కొనండి. డిక్కీలో పైన బరువు పడితే పొడే మిగులుతుంది.