వేడినీళ్లు రాలేదని గీజర్‌ను తిట్టే ముందు

మా గ్యాస్ గీజర్ వంటింటి వెనక బాల్కనీలో ఉంది. స్నానాలగది ఇంటికి ఆ చివర. ట్యాంకు లేని గీజర్ కదా, తిప్పగానే వేడినీళ్లని దుకాణదారు చెబితే నమ్మాను. నీళ్లు వెంటనే కాగే మాట నిజమే, కానీ కాగేది బాల్కనీలో! రాత్రంతా పైపులో చల్లారిన నీళ్లు ముందు బయటికి పోవాలి. డిసెంబరు పొద్దున తువ్వాలు కప్పుకుని వణుకుతూ నిలబడితే తప్ప ఈ సంగతి తలకెక్కలేదు.

మీకూ ఇదే బాధైతే ముందు కొలవండి. ఇంట్లో ఎవరూ వేడినీళ్లు వాడకముందే కుళాయి కింద బకెట్ పెట్టి, గోరువెచ్చగా తగిలేదాకా పట్టండి. తర్వాత లీటరు మగ్గుతో కొలవండి. మాకు మూడు మగ్గులు నిండి, నాలుగోది సగానికి వచ్చింది. ముప్పావు అంగుళం పైపు మీటరుకు సుమారు పావు లీటరు పడుతుంది. మాది 12 మీటర్లు. మిగతా అర లీటరు మంట అంటుకునేలోపు, పైపు వేడెక్కేలోపు పోయినది. అరంగుళం పైపైతే ఇందులో దాదాపు సగమే నిలుస్తుంది. ఇల్లు కట్టుకునేవారు ప్లంబర్‌తో ఈ మాట ముందే మాట్లాడుకోవాలి. పైపుకు ఫోమ్ తొడిగితే వెనకాలే స్నానానికి వెళ్లేవారికి లాభం, పొద్దున్నే లేచేవారికి కాదు.

దూరం ఎక్కువని గ్యాస్ గీజర్‌ను స్నానాలగదిలోకి మాత్రం తేకండి. గ్యాస్ మండేటప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. అక్కడ 3 కిలోవాట్ల కరెంటు ఇన్‌స్టంట్ గీజర్ పెట్టుకోండి. 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. అది నిమిషానికి రెండు లీటర్ల ధార వేడిని ఉన్నదాని మీద మరో 20 డిగ్రీలకు పైగా పెంచుతుంది. కుళాయి పూర్తిగా తిప్పి నిమిషానికి ఐదు లీటర్లు లాగితే పెరిగేది ఎనిమిది డిగ్రీలే. చాలామంది గీజర్ పాడైందనుకునేది ఇక్కడే. ధార సన్నగా పెట్టండి. 15 లీటర్ల బకెట్ నిండటానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, ఈలోగా పళ్లు తోముకోవచ్చు.

గ్యాస్ గీజర్‌తో షవర్ చేసేవారికి ఇంకొక్కటి. సబ్బు రుద్దుకోవడానికి కుళాయి కట్టేస్తే మంట ఆరిపోతుంది. మళ్లీ తిప్పితే ముందు పైపులో మిగిలిన వేడినీళ్లు, వెనకాలే మంట అందుకునేలోపు జారిపోయిన చన్నీళ్లు, ఆ తర్వాతే మళ్లీ వేడి. కళ్ల నిండా సబ్బుతో ఆ చన్నీళ్లు నెత్తిన పడినప్పటి నుంచి నేను బకెట్, మగ్గుకే తిరిగి వచ్చాను.