జేబులో ఫోను – ఏడవ పాఠం: బండి తాళం తిప్పే ముందు

ఆరవ పాఠంలో రింగ్‌టోన్ల గురించి చెప్పి, మనిషికో మోత పెట్టుకోవడాన్నీ, మనం ఎంచినవారి కాల్స్ తప్ప మిగిలినవి మోగకుండా చేసే డు నాట్ డిస్టర్బ్ అమరికను వాడుకోవడాన్నీ అభ్యాసంగా ఇచ్చాను. ఈ వారం సందేశాలు రాయడం మొదలుపెట్టాలి. అయితే విశాఖపట్నం సీతమ్మధారలో నా సాయంత్రపు తరగతికి వచ్చేవారు చెప్పిన సంగతులు విన్నాక, మీలో కొందరు రాసిన ఉత్తరాలు చదివాక, ఆ పాఠాన్ని సరిచేయకుండా ముందుకు సాగడం తప్పనిపించింది. కాబట్టి ఈ వారం సగానికి పైగా వెనకటి పాఠమే ఉంటుంది. సందేశాల పాఠం దాని వెంటే వస్తుంది, ఎందుకంటే ఆ రెండూ విడివిడి విషయాలు కావని మీ తడబాట్లు చూశాకే నాకు స్పష్టంగా తెలిసింది.

మొదటి తడబాటు మోతల లెక్కలో వచ్చింది. ఒకాయన తన ఫోనులో ఉన్న నలభై మందికీ నలభై రకాల మోతలు పెట్టుకుని, ఏది ఎవరిదో గుర్తులేక, మోగిన ప్రతిసారీ ఫోను తీసి చూడవలసి వస్తోందని రాశారు. తప్పు నాదే, ఎన్ని పెట్టుకోవాలో నేను చెప్పలేదు. మూడు చాలు. ఇంటివారికి ఒకటి, పనిచేసే చోటి వారికి ఒకటి, మిగిలిన అందరికీ కలిపి ఒకటి. ఆ మూడింటికీ రాగాలు వేరుగా ఉంటే సరిపోదు, లయలు కూడా వేరుగా ఉండాలి. ఎన్‌ఏడీ కూడలి దగ్గర లారీల హోరులో రాగం చెవిని చేరదు, దరువు మాత్రమే చేరుతుంది. పాత నోకియా ఫోన్లలో సందేశం వచ్చినప్పుడు మూడు పొట్టి కూతలు, రెండు పొడుగు కూతలు, మళ్లీ మూడు పొట్టి కూతలు వినిపించేవి, గుర్తుందా? అవి మోర్స్ సంకేతాలలో ఎస్, ఎం, ఎస్ అనే మూడు అక్షరాలు. ఆ సంకేతాలు తెలియనివారు కూడా జేబులో ఫోను ఉండగానే అది సందేశమని గుర్తుపట్టారంటే, అందుకు కారణం ఆ దరువే. నేను ఇంటివారికి పాతకాలపు టెలిఫోను గంట పెట్టుకున్నాను, పనివారికి రెండేసి కొట్టే చిన్న గంట పెట్టుకున్నాను, మిగిలినవారికి వట్టి కదలిక (వైబ్రేషన్) మాత్రమే ఉంచాను. సినిమా పాటలు నాకు నచ్చవు. పల్లవి అందుకునేలోపే ఫోను ఆగిపోతుంది, పైగా బస్సులో పక్కవారి ఫోను కూడా అదే పాట పాడుతుంది.

రెండవ తడబాటు పెద్దది. ఒక పాఠకురాలు నేను చెప్పినట్టే డు నాట్ డిస్టర్బ్ పెట్టి, భర్త కాల్, కూతురి కాల్ మాత్రం మోగేలా వారి పేర్లకు నక్షత్రం గుర్తు పెట్టి, పెందుర్తి నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు స్కూటరు మీద బయల్దేరారు. ఆ సమయంలోనే ఆమె తండ్రిగారు కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. పక్కింటివారు అక్కడి నుంచి చేసిన రెండు కాల్స్‌లో ఒక్కటీ మోగలేదు, ఎందుకంటే ఆ నంబరు ఆమె ఫోనులో లేదు. తండ్రిగారు కోలుకున్నారు. కానీ ఆ ఉత్తరం చదివి నేను చాలాసేపు స్థిమితంగా ఉండలేకపోయాను, ఎందుకంటే నేను వదిలేసిన ఒక్క మెట్టు వల్లనే అలా జరిగింది.

ఆ మెట్టు ఇదీ. డు నాట్ డిస్టర్బ్ అమరికలలో కాల్స్ అన్న చోటికి వెళితే, అదే నంబరు నుంచి మళ్లీ వచ్చే కాల్‌ను మోగనివ్వాలా అని అడిగే మీట ఒకటి ఉంటుంది. దాన్ని తప్పక వేసి ఉంచండి. ఆండ్రాయిడ్ ఫోనులో అదే నంబరు నుంచి 15 నిమిషాలలోపు రెండవసారి కాల్ వస్తే, ఆ నంబరు మీ దగ్గర ఉన్నా లేకపోయినా ఫోను మోగుతుంది. ఐఫోనులో ఆ గడువు 3 నిమిషాలే, కనుక ఐఫోను ఉన్నవారు ఆ సంగతి ఇంట్లోవారికి వివరంగా చెప్పాలి. ఊరికే పలకరించడానికి చేసినవారు సాధారణంగా వెంటనే మళ్లీ చేయరు, అవసరం ఉన్నవారు చేస్తారు. ఈ ఒక్క మీట మీద నమ్మకంతోనే నేను బండి మీద ఉన్నంతసేపూ ఫోను ముట్టుకోకుండా ఉండగలుగుతున్నాను.

ఇక మూడవది. దీని గురించి కొంచెం ఎక్కువగా మాట్లాడతాను, ఎందుకంటే తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా ఇది పోవడం లేదు. "నేను బండి మీద మాట్లాడనండీ, ఎత్తి, బండి మీద ఉన్నాను అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తాను" అంటారు. అలా చెప్పేవారంతా తాము జాగ్రత్తపరులమనే నమ్ముతారు. ఆ ఒక్క మాటకు ఏమేం జరుగుతుందో వరుసగా చూద్దాం. స్కూటరు కుడిచేతి పిడిలో యాక్సిలరేటరూ ముందు బ్రేకూ ఉంటాయి, ఎడమచేతి పిడిలో వెనక బ్రేకు ఉంటుంది. ఫోను కుడి జేబులో ఉంటే, దాన్ని తీయడానికి యాక్సిలరేటరునూ ముందు బ్రేకునూ ఒకేసారి వదలాలి. ఎడమ జేబులో ఉంటే వెనక బ్రేకు వదలాలి. గేర్ల బండి అయితే ఎడమచేతి కింద క్లచ్ ఉంటుంది. ఫోను బయటికి తీశాక ఎవరో తెలుసుకోవడానికి రోడ్డు మీది నుంచి చూపు తిప్పాలి, బొటనవేలితో తెర మీద జరపాలి, హెల్మెట్ కింద నుంచి చెవి దగ్గర పెట్టాలి, అప్పుడు ఆ మాట చెప్పాలి. నిదానంగా లెక్కపెడితే ఇదంతా ఎనిమిది సెకన్లకు తక్కువ కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది, అంటే ఆ ఎనిమిది సెకన్లలో దాదాపు 90 మీటర్లు వెళ్లిపోతుంది. మద్దిలపాలెం కూడలి దగ్గర ఒకసారి నిలబడి 90 మీటర్లు ఎంత దూరమో కంటితో కొలవండి, అందులో ఎంతమంది రోడ్డు దాటుతున్నారో లెక్కపెట్టండి.

పైగా ఆ ఒక్క మాటతో సంభాషణ ఆగదు. "అమ్మా, బండి మీద ఉన్నాను" అని కొడుకు అంటాడు. "సరే నాన్నా, జాగ్రత్తగా రా. వస్తూ వస్తూ పెరుగు ప్యాకెట్టు తే. ఆ, చిన్న ప్యాకెట్టు కాదు, రేపు అత్తయ్య వాళ్లు వస్తున్నారు కదా" అని తల్లి అంటుంది. ఆ తల్లి తప్పు ఏమీ లేదు. ఎత్తినవాడు వింటాడని ఎవరైనా అనుకుంటారు. మీరు ఎత్తకపోతే, బండి మీద ఉన్నారని ఆమెకు దానంతట అదే తెలుస్తుంది. అందువల్ల చెప్పడానికి ఎత్తడం అనే మాటలోనే అర్థం లేదు.

దీని చెల్లెళ్లు మరో మూడున్నాయి. హెల్మెట్ లోపల చెంపకు ఫోను దూర్చుకోవడం మొదటిది. చేయి ఖాళీగా ఉందని సంతోషిస్తారు గానీ, ఆ వైపు చెవికి హారన్ వినబడదు. పడినప్పుడు ముఖాన్ని కాపాడవలసిన హెల్మెట్‌కూ ముఖానికీ నడుమ గట్టి వస్తువు ఒకటి ఉంటుంది. మెడ వంచి భుజానికి ఫోను అదిమిపెట్టడం రెండవది. దాని గురించి చెప్పవలసింది ఏమీ లేదు, ఆ వైపు అద్దం కనబడదు. మూడవది ఎర్ర లైటు పడినప్పుడు సందేశాలు చదవడం. చట్టం మాట తరువాత చూద్దాం, ముందు నా మాట వినండి: ఇంజను నడుస్తూ, బండ్ల వరుసలో మీరున్నంతసేపూ మీరు బండి నడుపుతున్నట్టే.

చట్టం ఏమంటుందో ఇప్పుడు చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అందులో 184వ సెక్షన్ ప్రమాదకరంగా నడపడం గురించి చెబుతుంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణలో, నడుపుతూ చేతిలో పట్టుకునే సమాచార సాధనాన్ని వాడడాన్ని ఆ సెక్షన్‌లో పేరు పెట్టి చేర్చారు. ఎర్ర లైటు దాటడం కూడా అదే వరుసలో ఉంది. మొదటిసారికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయలకు తగ్గకుండా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే జైలు రెండేళ్ల వరకు, జరిమానా 10,000 రూపాయలకు పెరుగుతాయి. లైసెన్సు నిలిపివేయడానికి దారితీసే పనుల జాబితాలో కూడా ఇది ఉంది. 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధనలలో ఒక వెసులుబాటు వచ్చింది. దారి చూసుకోవడానికి మాత్రమే, నడిపేవారి ఏకాగ్రత చెదరని విధంగా, ఫోను వాడుకోవచ్చు. మీలో ఆటోలూ క్యాబులూ నడిపేవారికి ఇది ముఖ్యం. స్టాండులో ఫోను బిగించి, వెళ్లవలసిన చోటు ముందే పెట్టుకుని, గొంతు చెప్పే దారి వింటూ వెళ్లండి. స్టాండులో ఉన్నంత మాత్రాన దాని మీద సందేశాలకు బదులు రాయవచ్చని ఆ నిబంధన అనడం లేదు.

ఇప్పుడు సందేశాలకు వద్దాం. కాల్ వచ్చినప్పుడు తెర మీద కనబడే సిద్ధ సందేశాలు బండి మీద పనికిరావు, వాటిని పంపాలన్నా తెర ముట్టుకోవాలి కదా. అవి గుడిలోనూ సమావేశంలోనూ వాడుకోవడానికి. బండి మీద వెళ్లేవారికి నా పద్ధతి ఒకటే: సందేశం ముందే వెళ్లాలి. నేను బయల్దేరే ముందు ఇంట్లోవారికి ఇది పంపుతాను: "బయల్దేరాను. 6.15 దాకా ఫోను ఎత్తను. అత్యవసరమైతే వెంటనే మళ్లీ చేయండి." మూడు వాక్యాలు. పైన చెప్పిన రెండవ కాల్ మీట ఇందులో చివరి వాక్యంతో కలిసి పనిచేస్తుంది.

ఇది నేను వాట్సాప్‌లో పంపను, మామూలు ఎస్సెమ్మెస్‌గా పంపుతాను. డేటా లేకపోయినా అది వెళుతుంది, అవతలి ఫోను అందుబాటులో లేకపోతే ఫోను కంపెనీ సందేశాల కేంద్రంలో ఆగి, అక్కడి నుంచి మళ్లీ చేరడానికి ప్రయత్నిస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకిన తరువాతి రోజులను చూసినవారికి, కాల్ కలవని చోట చిన్న సందేశం విలువ ఏమిటో వివరించనక్కర్లేదు.

అయితే ఎస్సెమ్మెస్‌కు కొలత ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగులో రాస్తే 70 మాత్రమే పడతాయి. ఇంగ్లీషు సందేశంలో ఒక్క తెలుగు అక్షరం గానీ ఒక్క బొమ్మ గానీ చేరినా కొలత 70కి పడిపోతుంది. ఈ లెక్కలో గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్న ఒకటి. "అమ్మ" అంటే మనకు రెండక్షరాలు, ఫోనుకు నాలుగు: అ, మ, పొల్లు, మ. "స్త్రీ" మనకు ఒకటే, ఫోనుకు ఆరు. "విశాఖపట్నం" పది. ఖాళీలు, చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. నేను పంపే సందేశం ఈ లెక్కన 67, కాబట్టి ఒక్క ఎస్సెమ్మెస్‌లో సరిపోతుంది. తరగతిలో ఒకరు రాసినది ఇది: "నేను ఇప్పుడు బండి నడుపుతున్నాను, గమ్యస్థానం చేరుకున్న తరువాత మీకు తిరిగి ఫోను చేస్తాను." ఇది 87, రెండు ఎస్సెమ్మెస్‌ల కింద లెక్క. పైగా ఎప్పుడు చేరుకుంటారో ఇందులో లేనే లేదు. అదే మాట "బండి మీద ఉన్నాను. చేరాక చేస్తాను." అంటే 33లో అయిపోతుంది.

రెండవ కాల్ మోగితే ఏం చేయాలన్నది మిగిలింది. ఎడమ ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి, రోడ్డు అంచు దాటి ఆగి, స్టాండు వేసి, తాళం తీసి, అప్పుడు ఫోను తీయాలి. పైవంతెన మీద ఉంటే ఆగవద్దు, దిగి ఆగండి. వెనక ఎవరైనా కూర్చుని ఉంటే, ఫోను వారి చేతికి బయల్దేరినప్పుడే ఇచ్చేయండి.

అభ్యాసం: ఏడు రోజులపాటు బండి ఎక్కిన ప్రతిసారీ ఫోనును డిక్కీలో పెట్టి తాళం వేయండి, కారు అయితే వెనక సీటు మీద పెట్టండి. బయల్దేరే ముందు 70కి మించని సందేశం మీ సొంత మాటల్లో పంపండి. నాది నకలు చేయవద్దు. చేరాక ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: దారిలో ఎన్ని కాల్స్ వచ్చాయి, వాటిలో రెండవసారి చేసినవారు ఎందరు, మీరు చెప్పిన సమయానికీ చేరిన సమయానికీ తేడా ఎన్ని నిమిషాలు. డిక్కీలో ఉంటే మోత వినబడదు కదా అంటారు. గాజువాక నుంచి జగదాంబ సెంటర్ దాకా, అలాంటి దూరం వెళ్లేవారు, సగం దారిలో ఒకసారి సురక్షితమైన చోట ఆగి చూసుకోండి. ఇంట్లో జబ్బుపడినవారు ఉంటే మాత్రం డిక్కీ వద్దు, జిప్పున్న సంచిలో పెట్టి ఇంటి గంట వినబడేలా ఉంచండి. ఆ ఏడు కాగితాలూ దగ్గర పెట్టుకోండి, ఎనిమిదవ పాఠాన్ని వాటిలోని మూడవ అంకెతో మొదలుపెడతాం.