కుక్క ఒంటి మీద పిడుదును ఎలా తీయాలి?

పిడుదును పట్టి లాగెయ్యడం అందరూ చేసే పనే. నోటి భాగం చర్మంలో విరగకుండా, పొట్ట చిట్లకుండా తీసేవాళ్లు తక్కువ. కిరసనాయిలు పూయడం, అగ్గిపుల్లతో చురక పెట్టడం, గోళ్ల మధ్య చిదమడం ఇంకా మానలేదు. వీటిలో ఏదీ చేయకండి.

కావలసినవి: సన్న మొన ఉన్న స్టీలు ట్వీజర్లు, గ్లౌజులు, కాస్త సర్జికల్ స్పిరిట్ పోసిన మూత సీసా, బీటాడిన్, దూది. కనుబొమ్మలు పీకే వెడల్పు మొన ప్లక్కర్ వద్దు, అది పొట్టను నొక్కేస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే ప్లాస్టిక్ కొక్కెం రక్తం తాగి ఉబ్బిన వాటికి సరిపోతుంది కానీ, నువ్వుగింజంత పిల్ల పిడుదు దగ్గర జారిపోతుంది. ఒక్క పనిముట్టే కొనేట్టయితే ట్వీజర్లే కొనండి. పట్టపగలు, వెలుతురున్న వరండాలో పెట్టుకోండి. రాత్రి ట్యూబ్‌లైటు కింద ఈ పని చేయకూడదు. ఒకరు కుక్కను పట్టుకుని ఉడికించిన చికెన్ ముక్కలు ఒక్కొక్కటే పెడుతుంటే రెండోవాళ్లు తీయాలి.

వెతకాల్సిన చోట్లు: చెవుల లోపలి మడతలు, కాలివేళ్ల సందులు, చంకలు, గజ్జలు, తోక మొదలు, మెడపట్టీ కింద. పట్టీ విప్పి చూడండి. పొట్ట మీద నల్లగా, చిన్నగా కనిపించిందల్లా పిడుదు కాదు. మగకుక్కకూ చనుమొనలుంటాయి, వాటిని పిడుదులనుకుని లాగేవాళ్లున్నారు. చనుమొనలు పొట్టకు రెండు వైపులా వరసగా ఉంటాయి. పిడుదుకైతే చర్మం దగ్గర కాళ్లు కనిపిస్తాయి. అనుమానంగా ఉంటే టార్చి వేసి చూశాకే ట్వీజర్లు పెట్టండి.

ఇక అసలు పని. దాదాపు అందరూ పాడుచేసేది ఇక్కడే.

పిడుదు నోటి భాగానికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. అది చర్మంలోకి దిగాక చుట్టూ జిగురు లాంటి పదార్థం గట్టిపడుతుంది. అందుకే ఒక్క ఊపున లాగితే పొట్ట చేతికొస్తుంది, నోరు లోపలే ఉండిపోతుంది. వెంట్రుకలను రెండు వైపులా పాయ తీసి, ట్వీజర్ల మొనను చర్మానికి ఆనించి, నోరు చర్మంలోకి దిగిన చోటే పట్టండి. బొద్దుగా కనిపించేది పొట్ట. అక్కడ పట్టి నొక్కితే లోపల ఉన్నది కుక్క ఒంట్లోకి పోయే ప్రమాదం ఉంది. వెంట్రుకలు కలిపి పట్టినా కుక్క గింజుకుంటుంది, పట్టు జారుతుంది.

పట్టు కుదిరాక నిటారుగా పైకి, ఒకే బలంతో లాగండి. చర్మం కొద్దిగా పైకి లేస్తుంది. అక్కడే ఆపి ఉంచండి. కుదుపు వద్దు, తిప్పడం వద్దు. తిప్పడమనేది కొక్కెంతో చేసే పద్ధతి, ట్వీజర్లతో తిప్పితే నోరు విరుగుతుంది. ఐదారు సెకన్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పట్టు వదిలేటప్పుడు చేతికి తెలుస్తుంది. పిడుదు నోటికి తెల్లటి చర్మం పొర కాస్త అంటుకుని వస్తే కంగారు పడొద్దు, సరిగ్గా వచ్చిందనే లెక్క.

నోటి ముక్క లోపల ఉండిపోతే సూదితో తవ్వకండి. తవ్విన పుండు ఆ ముక్కకంటే ఎక్కువ బాధపెడుతుంది. బీటాడిన్ అద్ది వదిలేయండి, చర్మమే కొన్నాళ్లకు దాన్ని బయటికి నెడుతుంది. చిన్న గడ్డ కొన్ని రోజులు ఉండటం మామూలే. పెరుగుతున్నా, చీము పట్టినా డాక్టర్‌కు చూపించండి.

కిరసనాయిలు పూస్తే దానంతటదే ఊడొస్తుందిగా అంటారు. రావచ్చు కూడా. ఈలోగా చిరాకు పడ్డ పిడుదు మింగిన రక్తాన్నీ లాలాజలాన్నీ కుక్క ఒంట్లోకే కక్కవచ్చు, జబ్బు క్రిములుంటే వాటితో సహా. పైగా కిరసనాయిలుకు చర్మం కాలుతుంది, కుక్క నాకితే ఇంకో గొడవ. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం కూడా అంతే. కర్పూరం కుక్కలకు విషం.

తీసిన పిడుదును స్పిరిట్ సీసాలో వేసి మూత పెట్టండి. చిదమకండి. కుక్క పిడుదు నుంచి మనుషులకూ జ్వరం రావచ్చు, దాన్ని ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. డ్రైనేజీలో వేసినా చావదు. ఒక్క ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. కరిచిన చోట బీటాడిన్ రాసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఒళ్లంతా ఉంటే ట్వీజర్లతో అయ్యే పని కాదు. నమిలే టాబ్లెట్లు కుక్క బరువును బట్టి డాక్టర్ రాస్తారు. ఫిట్స్ వచ్చిన కుక్కయితే ముందే చెప్పండి. టాబ్లెట్ వేశాక కూడా పిడుదు కనిపిస్తే మందు పనిచేయలేదనుకోవద్దు, కరిచాకే అది చస్తుంది. పశువులకు కొట్టే మందును అంచనాగా నీళ్లలో కలిపి కుక్కకు పోయకండి. పర్మెత్రిన్ ఉన్న మందు ఇంట్లో పిల్లి ఉంటే అసలు తేవద్దు. కుక్కకు పడినా పిల్లి ప్రాణం తీస్తుంది.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది గోధుమరంగు కుక్క పిడుదు. ఇది ఇంటి లోపలే కాపురం పెడుతుంది, గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో, ఫోటో ఫ్రేముల వెనక. కుక్క ఒంటి మీద కనిపించేవి అందులో కొన్నే. పక్కబట్టలు మరిగే నీళ్లలో ఉతికి, పగుళ్లు సిమెంటుతో పూడ్చండి.

తీసిన తేదీ క్యాలెండర్ మీద రాసి, మూడు వారాలు కనిపెట్టండి. జ్వరం (థర్మామీటర్‌లో 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే), తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు వెంట రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, కాఫీరంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా ఆరోజే తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. ఎర్లీకియా (పిడుదు కాటుతో రక్తంలోకి చేరే బ్యాక్టీరియా జబ్బు) అయితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. బొప్పాయి ఆకు రసం పోస్తూ రోజులు గడపకండి. దీనికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. మూడో రోజుకే కుక్క హుషారుగా తిరిగినా కోర్సు ఆపకూడదు. ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తుంది. అన్నం పెట్టి వేసి, వెంటనే నీళ్లు తాగించండి. పాలతో, పెరుగుతో కలిపి ఇవ్వొద్దు, మందు సరిగా ఒంటికి పట్టదు.