తులనాత్మక ప్రయోజనాన్ని లెక్కగట్టే పద్ధతి

ఏ దేశం ఏ వస్తువును తయారు చేయాలో తేల్చేటప్పుడు, దాన్ని ఎవరు తక్కువ శ్రమతో చేస్తారన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక వస్తువు కోసం రెండోదాన్ని ఎంత వదులుకోవలసి వస్తుందో, అంటే దాని అవకాశ వ్యయం ఎంతో ముందుగా లెక్కించాలి.

ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో ఇచ్చిన అంకెలనే తీసుకోండి. ఒక వంతు (ఒక నిర్ణీత పరిమాణం) వస్త్రం తయారీకి ఇంగ్లండులో ఏడాది పాటు 100 మంది, ఒక వంతు ద్రాక్షసారాకు 120 మంది కావాలి; పోర్చుగల్‌లో వరుసగా 90, 80 మంది చాలు. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా 100ను 120తో భాగిస్తే ఇంగ్లండులో ఒక వంతు వస్త్రానికి 0.83 వంతుల సారాను వదులుకోవాలని, 90ని 80తో భాగిస్తే పోర్చుగల్‌లో 1.125 వంతులు వదులుకోవాలని తేలుతుంది. తక్కువ వదులుకునే దేశానిదే ఆ వస్తువులో తులనాత్మక ప్రయోజనం; కనుక ఇంగ్లండు వస్త్రం మీద, పోర్చుగల్ సారా మీద దృష్టి పెట్టాలి.

మారకపు రేటు, అంటే ఒక వంతు వస్త్రానికి బదులుగా ఇచ్చే సారా, 0.83, 1.125 వంతుల నడుమ ఉండాలి. దాటితే ఒకరికి నష్టమే. వంతుకు వంతు మార్చుకుంటే ఇంగ్లండుకు 20 మంది, పోర్చుగల్‌కు 10 మంది శ్రమ మిగులుతుంది. ఈ భాగహారాన్ని స్వయంగా చేస్తే తప్ప లాభం ఎక్కడి నుంచి వస్తుందో నమ్మకం కుదరదు, అందుకే ఇంతగా పట్టుబడుతున్నాను.

ఆ మిగులులోంచి రవాణా ఖర్చును, సుంకాన్ని తీసివేయండి. పోర్చుగల్‌లో పని పోయే నేతగాళ్ల నష్టం ఈ లెక్కలో కనిపించదు కాబట్టి, దానిని విడిగా రాసుకోవాలి.